నిదాన వేగంలో మోటారుసైకిలు: పోలీసు శిక్షణ నేర్పే పాఠాలు

సరిహద్దు పల్లెల్లో నేడు మోటారుసైకిలు లేని ఇల్లు అరుదు. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రంలోనూ, బళ్లారి మైసూరు రాష్ట్రంలోనూ చేరినది మొదలు మన కుటుంబాల బ్రతుకు రెండు రాష్ట్రాల నడుమ సాగుతోంది. పుట్టినిల్లు విడపనకల్లు దిక్కున ఉంటే మెట్టినిల్లు మోక దిక్కున ఉంటుంది. పొలం హొళగుందలో, ఎరువుల అంగడి సిరుగుప్పలో, ఆసుపత్రి బళ్లారిలో. ఈ రాకపోకలకు బస్సు వేళలు చాలవు కనుక భారమంతా బండిపైనే పడుతోంది. ఒకే బండిపై తల్లి, బిడ్డ, పాల క్యాను, యూరియా మూట, కుట్టుపనికి తెచ్చుకున్న జీన్సు గుడ్డల కట్ట ప్రయాణం చేస్తున్నాయి.

వేగంగా పోయేవాడే పడతాడని మన పెద్దల నమ్మకం. అందులో నిజం లేకపోలేదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించగా, వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాలపై ఉన్నవారే. అయితే ఏ లెక్కలోనూ చేరని పడిపోవడాలు వేరే ఉన్నాయి. కాలువ గట్టుపై బండి తిప్పబోయి ఒరిగినవి, రైల్వే గేటు వద్ద కాలు అందక పడినవి, సంత వీధిలో ఎద్దు అడ్డం వచ్చి ఆగబోయి కూలినవి ఏ పోలీసు స్టేషనులోనూ నమోదు కావు. సైలెన్సరు తగిలి పిక్క కాలడం, చేయి ఊతగా పెట్టినందున మణికట్టు విరగడం, వెనుక కూర్చున్న వృద్ధురాలి తుంటి ఎముక దెబ్బతినడం వీటి ఫలితాలు. అదే ఒరుగుడు లోడుతో పోతున్న లారీ పక్కన జరిగితే ఫలితం ఏమిటో బళ్లారి, హొసపేట దారి ఎరిగినవారికి చెప్పనక్కరలేదు.

ఈ వ్యాసకర్త కూడా ఒక పర్యాయం ఎగువ కాలువ గట్టుపై బండి తిప్పబోయి, తల్లితో సహా కంపచెట్లలో పడినవాడే. అప్పుడు బండి వేగం మనిషి నడకకు మించి లేదు. పదిహేనేళ్లుగా బండి నడుపుతున్నానన్న ధీమా ఆ క్షణంలో ఏ మాత్రమూ అక్కరకు రాలేదు. ముల్లు తీయించుకుంటూ ఆమె అడిగిన ప్రశ్న ఒక్కటే: "మెల్లగానే పోతాంటివి కదరా, ఎట్ల పడితిమి?" ఈ వ్యాసం ఆ ప్రశ్నకు సమాధానం.

నిదానంలో బండి ఎందుకు ఒరుగుతుంది

అరచేతిలో నిటారుగా కర్రను నిలిపే పిల్లవానిని గమనించండి. కర్ర ఏ వైపు ఒరిగితే చేతిని ఆ వైపే జరుపుతాడు. రెండు చక్రాల బండి నిలబడే విధానమూ ఇదే. బండి కుడికి ఒరిగినప్పుడు ముందు చక్రం కుడికి తిరిగి, చక్రాలు మళ్లీ బరువు క్రిందికి చేరుతాయి. గంటకు ఇరవై, ముప్పై కిలోమీటర్ల వేగంలో ఈ సవరణ చాలావరకు బండే చేసుకుంటుంది. ముందు ఫోర్కు వాలు, చక్రాల భ్రమణం అందుకు తోడ్పడతాయి. వేగం నడక స్థాయికి తగ్గినప్పుడు ఆ తోడ్పాటు దాదాపు మాయమవుతుంది. అప్పుడు నిలబెట్టే బాధ్యత పూర్తిగా నడిపేవానిదే.

మలుపులో మరొక లెక్క ఉంది. మూడు మీటర్ల వ్యాసార్థం గల వలయంలో గంటకు 6 కిలోమీటర్ల వేగంతో తిరిగే బండి సమతూకానికి సుమారు 5 డిగ్రీల వాలు చాలు. అదే వలయంలో వేగం 10 కిలోమీటర్లయితే వాలు సుమారు 15 డిగ్రీలకు చేరుతుంది. అంటే వాలుకూ వేగానికీ జోడు కుదరాలి. వాలి ఉన్న బండికి హఠాత్తుగా వేగం తగ్గితే ఆ వాలును మోసే బలం పోయి బండి లోపలి వైపు కూలుతుంది. మలుపు మధ్యలో భయపడి ముందు బ్రేకు పట్టినవారు పడేది ఇందువల్లనే. సుమారు 110 కిలోల బండి, దానిపై ఇద్దరు మనుషులు ఒక హద్దు దాటి ఒరిగిన తరువాత ఎంత బలవంతుని కాలైనా ఆపలేదు.

పోలీసు శిక్షణ ఎక్కడిది

గస్తీ పోలీసు బండి రోజంతా జనం మధ్య, ఊరేగింపుల ముందు, వాహనాల సందుల్లో నడక వేగంతోనే సాగాలి. బెంగళూరులో చీతా, హైదరాబాదులో బ్లూ కోల్ట్స్ అనే పేర్లతో తిరిగే గస్తీ బండ్లు జీపు దూరలేని సందుల కోసం ఏర్పడినవే. ఈ కారణం చేత ప్రపంచమంతటా పోలీసు మోటారుసైకిలు శిక్షణలో నిదాన వేగానికి పెద్దపీట వేస్తారు. అమెరికాలో పోలీసు ప్రాథమిక కోర్సు సాధారణంగా రెండు వారాలు, 80 గంటలు ఉంటుంది. అందులో ఎక్కువ భాగం రబ్బరు కోన్ల నడుమ మలుపులు, ఎనిమిదులు తిరగడమే. వారి బండ్లలో పెద్దవి 350 కిలోలకు పైబడినవి. మన బండి అందులో మూడవ వంతు బరువు కూడా ఉండదన్నది మనకు ధైర్యం చెప్పే విషయం.

జపానులో ఈ విద్య సామాన్యుల లైసెన్సు పరీక్షలోనే ఉంది. 15 మీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల ఎత్తు గల ఒక పలక వంతెనపై బండిని నడపాలి. సాధారణ మోటారుసైకిలుకు కనీసం 7 సెకన్లు, పెద్ద బండికి కనీసం 10 సెకన్లు పట్టాలి. త్వరగా దాటితే మార్కులు పోతాయి, పలక నుండి జారితే పరీక్షే పోతుంది. మన పాఠశాల ఆటల పోటీలలోని నిదానపు సైకిలు పందెం దీనికి పిన్నమ్మ కూతురే. చివర వచ్చినవాడే గెలిచే ఆ పందెంలో నెగ్గిన పిల్లలకు సగం విద్య అప్పుడే అబ్బి ఉంటుంది.

బ్రిటనులో పోలీసు రైడర్ల పాఠ్యగ్రంథమైన 'మోటార్‌సైకిల్ రోడ్‌క్రాఫ్ట్' అంగడిలో ఎవరైనా కొనవచ్చు. అమెరికాలో వర్జీనియా రాష్ట్ర పోలీసులు 'రైడ్ టు సేవ్ లైవ్స్' అనే పేరుతో ప్రజలకు ఉచిత తరగతులు నడుపుతున్నారు. మనకు దగ్గరలో చూడదగినవి బెంగళూరు సైనిక బృందాలు: మిలిటరీ పోలీసుల 'శ్వేత అశ్వ', ఆర్మీ సర్వీస్ కోర్ వారి 'టోర్నడోస్'. 2017 నవంబరు 19న టోర్నడోస్ బృందం యలహంక వైమానిక స్థావరంలో ఒకే 500 సీసీ ఎన్‌ఫీల్డుపై 58 మందిని 1,200 మీటర్లు తీసుకువెళ్లి ప్రపంచ రికార్డు సాధించింది. జనం మనుషుల సంఖ్యను చూసి చప్పట్లు కొట్టారు. నిజానికి మెచ్చదగినది ఆ బరువుతో బండిని కుదుపు లేకుండా కదిలించిన క్లచ్చి చేయి. (మన యువకులు అనుకరించవలసినది ఆ చేయిని మాత్రమే.)

1981లో వెలువడిన అమెరికా నివేదిక ఒకటి ఇక్కడ స్మరించదగినది. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో 900 ప్రమాదాలను పరిశీలించగా, ప్రమాదానికి గురైన రైడర్లలో 92 శాతం మంది తమకు తాముగానో, బంధుమిత్రుల వద్దనో నేర్చుకున్నవారని తేలింది. మన పల్లెల్లో నేర్పేది ఎవరు? చిన్నాన్న, మేనమామ, లేదా ప్రక్కింటి అన్న. వారు నేర్పేది బండిని కదిలించడం, గేర్లు మార్చడం. ఆపడం, తిప్పడం ఎవరికి వారే దెబ్బలు తిని నేర్చుకుంటున్నారు.

చేయి, కాలు, కన్ను

పోలీసు శిక్షణలో ప్రధాన సూత్రాలు మూడు.

మొదటిది క్లచ్చి. లివరును పూర్తిగా పట్టడానికీ పూర్తిగా వదలడానికీ నడుమ ఒక చోట ఇంజను బలం కొంచెం కొంచెంగా చక్రానికి అందుతుంది. దీనినే మనవారు హాఫ్ క్లచ్చి అంటారు. నిదాన విద్య అంతా ఈ వేలెడు స్థలంలోనే ఉంది. యాక్సిలరేటరును కొద్దిగా తెరిచి స్థిరంగా ఉంచి, వేగాన్ని క్లచ్చితో పెంచుతూ తగ్గిస్తూ ఉండాలి. మనవాళ్లు చేసే సాధారణ పొరపాటు క్లచ్చి పూర్తిగా పట్టి బండిని దొర్లనివ్వడం. అప్పుడు బండికి ఆధారం పోతుంది. మన బండ్లలో క్లచ్చి పలకలు ఇంజను ఆయిలులో మునిగి ఉంటాయి కనుక కొద్దిసేపటి సాధనకు అరిగిపోవు. గంటల తరబడి మాత్రం చేయరాదు. లివరు ఆట మారినట్లనిపించినా, కాలిన వాసన వచ్చినా బండిని చల్లారనివ్వాలి.

రెండవది కాలి బ్రేకు. వెనుక బ్రేకును పాదంతో అతి తేలికగా తొక్కి ఉంచి, ఇంజను దానిని కొద్దిగా లాగుతూ ఉండేలా నడపాలి. కాడికి కట్టిన ఎద్దును పగ్గంతో కొంచెం బిగపట్టినట్లుంటుంది. గొలుసు వదులు లేకుండా, బండి కుదుపు లేకుండా సాగుతుంది. హ్యాండిలు తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకు జోలికి పోరాదు. కుడి చేతి నాలుగు వేళ్లనూ గ్రిప్పుకే చుట్టి ఉంచడం అలవాటు చేసుకుంటే, భయంలో కూడా చేయి లివరును వెదకదు. ఇది నిదానపు మలుపులకు మాత్రమే వర్తించే నియమం. రోడ్డుపై వేగంగా పోతున్నప్పుడు ప్రధాన బ్రేకు ముందుదే.

మూడవది చూపు. చెప్పడానికి సులభం, చేయడానికి అన్నిటికన్నా కష్టం. కన్ను ఎటు పోతే బండి అటు పోతుంది. గుంతను చూస్తే గుంతలోకి, కాలువను చూస్తే కాలువలోకి. బండి తిప్పేటప్పుడు ముందు చక్రాన్ని చూడక, గడ్డం భుజం మీదికి వచ్చేలా తల తిప్పి, చివరకు ఎటు చేరాలో ఆ చోటును చూడాలి. కాలువ గట్టుపై ఈ వ్యాసకర్త చూసినది కంపచెట్లనే.

వీటికి తోడు శరీరం. నిదానపు ఇరుకు మలుపులో బండి లోపలికి వాలితే మనిషి బయటి వైపు కొద్దిగా జరిగి కూర్చోవాలి. కుడికి తిరిగేటప్పుడు బరువు ఎడమ ఫుట్‌రెస్టుపై ఉండాలి. పాదాలు రెండూ ఫుట్‌రెస్టులపైనే ఉండాలి. భయానికి కాళ్లు రెండూ నేలకు వ్రేలాడదీసి పోయేవారికి కాలి బ్రేకు అందదు. పైగా చీలమండ రాయికి తగిలి మెలి తిరిగే ప్రమాదం ఉంది.

గేరు లేని స్కూటర్లకు, టీవీఎస్ ఎక్సెల్ వంటి మోపెడ్లకు క్లచ్చి లివరు ఉండదు. వాటిలో ఎడమ చేతి బ్రేకును తేలికగా పట్టి, యాక్సిలరేటరును కొద్దిగా తెరిచి ఉంచడమే ఉపాయం. యాక్సిలరేటరు పూర్తిగా మూస్తే లోపలి క్లచ్చి విడిపోయి బండి నిరాధారమవుతుంది. 2019 ఏప్రిల్ 1 నుండి 125 సీసీ వరకు గల కొత్త బండ్లకు రెండు బ్రేకులను జోడించే సీబీఎస్ గానీ ఏబీఎస్ గానీ తప్పనిసరి అయింది. సీబీఎస్ బండిలో వెనుక బ్రేకు పట్టినా ముందు చక్రానికి కొంత పట్టు అందుతుంది. కావున మలుపులో ఇంకా మెత్తగా వాడాలి.

కళ్లంలో సాధన

కోత అయిన తరువాత ఖాళీగా ఉన్న కళ్లం, సెలవు నాటి పాఠశాల మైదానం ఇందుకు అనువైనవి. నల్లరేగడి తడిగా ఉన్న రోజు వద్దు. కోన్ల కోసం వెదకనక్కరలేదు. నీళ్ల సీసాలలో సగం ఇసుక నింపితే చాలు. ఇటుకలు, రాళ్లు మాత్రం పెట్టరాదు, తగిలితే పడతారు. గీతలకు ముగ్గుపిండి ఉండనే ఉంది. హెల్మెట్టు, బూట్లు, పొడవు చేతుల చొక్కా వేసుకోవాలి.

ఇంజను ఆపి, బండి ఎడమ ప్రక్కన నిలబడి దానిని తోస్తూ ఎనిమిది ఆకారంలో నడిపించడంతో మొదలు పెట్టండి. బరువు ఎక్కడ మన వైపు వాలుతుందో, ఎక్కడ దూరమవుతుందో చేతులకు తెలుస్తుంది. చాలామంది దీనిని చిన్నతనంగా భావించి వదిలివేస్తారు. అది పొరపాటు. తరువాత మొదటి గేరులో తిన్నగా పోవాలి. ముగ్గుతో 30 సెంటీమీటర్ల ఎడంలో 15 మీటర్ల జంట గీతలు గీసి, నడుమ పోతూ ఇంట్లోవారిని సెకన్లు లెక్కపెట్టమనండి. తొలిరోజు నాలుగు సెకన్లు వస్తే నిరాశ పడవద్దు. ఏడు వచ్చిందంటే బండి గంటకు 8 కిలోమీటర్ల లోపు వేగంలో మీ మాట విన్నట్లే.

అటుపిమ్మట వలయం. పన్నెండు అడుగుల వ్యాసార్థంతో గీసి, కుడికి పది సార్లు, ఎడమకు పది సార్లు తిరగాలి. ప్రతివారికీ ఒక వైపు చేతకాదు. ఆ వైపే ఎక్కువ తిరగాలి. వలయం కుదిరితే రెండు వలయాలు కలిపి ఎనిమిది చేయాలి. అనేక ఆర్టీవో మైదానాలలో లైసెన్సుకు అడిగేది ఈ ఎనిమిదినే. అక్కడ కాలు నేలకు పెడితే తప్పుతారు. ఎనిమిదిలో కష్టమంతా నడుమ దాటే చోట ఉంది. అక్కడికి చేరకముందే చూపు రెండవ వలయపు కొసకు పోవాలి. రోజుకు అరగంట చాలు. అలసిన చేయి క్లచ్చిని సరిగా పట్టదు.

ఇరుకు దారిలో బండి తిప్పుట

పీఎంజీఎస్‌వై పథకం క్రింద వేసిన పల్లె రోడ్డు తారు వెడల్పు సాధారణంగా 3.75 మీటర్లు, కొన్ని చోట్ల 3 మీటర్లే. మన బండ్లు హ్యాండిలు చివరంటా తిప్పినప్పుడు చేసే వలయపు వ్యాసార్థం రెండు మీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. అంటే నిపుణునికి కూడా సుమారు నాలుగు మీటర్ల వెడల్పు కావాలి. అమెరికా ప్రాథమిక శిక్షణ పరీక్షలో చిన్న బండ్లకు ఇచ్చే వెడల్పు 20 అడుగులు, అనగా ఆరు మీటర్లు. కనుక తారు మీదనే ఒక్క వంపులో తిప్పి తీరాలన్న పంతం అర్థం లేనిది. అంచున ఉన్న మట్టి గట్టిగా ఉంటే దానిని కలుపుకొని తిప్పవచ్చు. తారుకు మట్టికి మధ్య అరడుగు దిగుడు ఉంటే, ఒక ప్రక్క కాలువ ఉంటే, వానకు గట్టు మెత్తబడి ఉంటే దిగి, తోసి తిప్పుకోవడమే తెలివి.

తిప్పదలచినప్పుడు ఎడమ అంచున పూర్తిగా ఆగి, వెనుక వచ్చే వాహనాలను తల తిప్పి చూసి, తరువాతే కదలాలి. పోతూ పోతూ తిప్పడం వల్లనే గుంతకల్లు దారిలాంటి రహదారులపై లారీలకు అడ్డుపడుతున్నారు.

వెనుక కూర్చున్నవారు, బరువులు

ఇది విదేశీ పోలీసు పాఠాలలో లేదు, మనమే వ్రాసుకోవాలి. చీర కట్టిన స్త్రీ ఎడమ వైపు కాళ్లు పెట్టి ప్రక్కకు కూర్చుంటుంది. బరువు ఎడమకు లాగుతుంది. కనుక నడిపేవాడు కొద్దిగా కుడికి సర్దుకోవాలి. కుడికి బండి తిప్పేటప్పుడు బండి ఆమె వీపు వైపు వాలుతుంది. వెనక్కు పడుతున్నట్లనిపించి ఆమె చటుక్కున భుజం పట్టి లాగుతుంది. ఆ కుదుపే బండిని పడవేస్తుంది. "అమ్మా, తిప్పుతాండా, కడ్డీ పట్టుకో" అని ముందుగా ఒక్క మాట చెప్పడం ఎంత క్లచ్చి విద్యకైనా మించినది. వృద్ధులు, గర్భిణులు ఉంటే వారిని దింపి, తిప్పి, మళ్లీ ఎక్కించుకోవాలి. అందులో నామోషీ ఏమీ లేదు. చేతికి పట్టుకొమ్ము, ఫుట్‌రెస్టు, వెనుక చక్రం సగమైనా కప్పే చీర రక్షణ కడ్డీ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమావళి 123వ నియమం చెబుతోంది. సోకు కోసం వాటిని ఊడదీయించే యువకులు తమ అక్కచెల్లెళ్లు కూర్చునేది ఆ బండి మీదనే అని గుర్తించడం లేదు.

45 కిలోల యూరియా మూటను కాళ్ల ముందు వేసుకున్నప్పుడు హ్యాండిలు మోకాలికి, మూటకు తగిలి చివరంటా తిరగదు. బయలుదేరేముందు నిలబడినచోటనే హ్యాండిలు రెండు వైపులా తిప్పి చూసుకోవాలి. పాల క్యాను సగం నిండినది నిండుదానికన్నా ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే లోపలి పాలు మలుపులో ఒక వైపుకు పోటెత్తుతాయి. రెండు ప్రక్కలా సమానంగా పంచి కట్టడం, మూతలు బిగించడం అవసరం.

బండి పడితే

పోలీసు శిక్షణలో మొదటి రోజు పాఠాలలో ఇదొకటి. పడుతున్న బండిని ఒక హద్దు దాటిన తరువాత పట్టి ఆపబోరాదు. వదిలి, కాలు ప్రక్కకు తీయాలి. పడిన పిమ్మట తాళం ఆపి, పెట్రోలు కారుతోందేమో చూడాలి. కుడి ప్రక్కకు పడి ఉంటే లేపకముందే సైడు స్టాండు బయటకు తీసి ఉంచాలి, లేకుంటే లేపిన ఊపులో అటు ప్రక్కకు పడుతుంది. హ్యాండిలును నేల వైపుకు పూర్తిగా తిప్పి, సీటుకు వీపు ఆనించి గొంతుకూర్చొని, ఒక చేత హ్యాండిలు, మరొక చేత వెనుక కడ్డీ పట్టి, కాళ్ల బలంతో వెనక్కు అడుగులు వేస్తూ లేపాలి. నడుము వంచి లాగితే బండి లేస్తుంది గానీ నడుము లేవదు.

చట్టం విషయంలో సరిహద్దు వారికి

ఒక రాష్ట్రంలో పొందిన లైసెన్సు దేశమంతటా చెల్లుతుంది. బండి మాత్రం పన్నెండు నెలలకు మించి రెండవ రాష్ట్రంలో ఉంచితే అక్కడి రిజిస్ట్రేషను తీసుకోవాలి. గేరు బండికి 18 ఏళ్లు నిండాలి. ఎల్‌ఎల్‌ఆర్ వచ్చిన 30 రోజుల తరువాతే శాశ్వత లైసెన్సు పరీక్షకు హాజరు కావచ్చు. పిల్లలకు బండి ఇచ్చే తండ్రులు 2019 సవరణలోని 199ఎ సెక్షనును ఒకసారి చదివించుకోవాలి. మైనరు నేరం చేస్తే సంరక్షకునికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషను పన్నెండు నెలలు రద్దు, ఆ పిల్లవానికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు లేదు. నాలుగేళ్లు దాటిన ప్రతివారికీ హెల్మెట్టు తప్పనిసరి. నాలుగేళ్ల లోపు బిడ్డలకు నడిపేవానితో కలిపి కట్టే రక్షణ పట్టీ, వారిలో తొమ్మిది నెలలు నిండినవారికి తగిన హెల్మెట్టు ఉండాలని, వేగం 40 కిలోమీటర్లు మించరాదని 2023 ఫిబ్రవరి 15 నుండి నియమం అమలులోకి వచ్చింది.

బండిని సిద్ధం చేసుకొనుట

సరిగా లేని బండిపై ఎంత సాధన చేసినా చేయి కుదరదు. క్లచ్చి లివరు కొనవద్ద ఒకటి, రెండు సెంటీమీటర్ల ఆట ఉండాలి. కేబులు తుప్పు పట్టి బిరుసుగా ఉంటే హాఫ్ క్లచ్చి దొరకనే దొరకదు. మన ప్రాంతపు దుమ్ముకు కేబులు త్వరగా బిగుసుకుంటుంది కనుక ఆయిలు వేయించడం, తెగకముందే మార్పించడం మేలు. గొలుసు మరీ వదులైతే నిదానంలో బండి ఎగిరెగిరి పడుతుంది. ముందు టైరులో గాలి తక్కువైతే హ్యాండిలు బరువెక్కి మలుపులో తానే లోపలికి లాగుతుంది. ఐడిలింగు తక్కువై ఇంజను ఆగిపోయే బండి మలుపు మధ్యలో ఆగితే ముందు బ్రేకు పట్టినంత పనీ చేస్తుంది. మెకానిక్కు వద్ద ఈ నాలుగూ చూపించుకొని, మరునాడు తెల్లవారుజామున ఎండ ఎక్కకముందే సాధన మొదలుపెట్టవచ్చు.